అన్నానికి పిలవడానికి అబ్బాయిని పంపకండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఉండి అనే ఊరి పక్కన పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. మా అబ్బాయికి 16 ఏళ్ళు. విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాడు. పోయిన వేసవి నుంచి వాడికో పిచ్చి పట్టుకుంది. పాటల్లేని, ఫైట్లు లేని, మాటలు కూడా సరిగా లేని విదేశీ సైన్సు సినిమాలు గంటలకొద్దీ చూస్తున్నాడు. ఇదంతా మేడ మీద గదిలో ఉండే మా తమ్ముడి నేర్పు. మొన్న కనుమ నాడు ఇంటినిండా చుట్టాలుంటే వీళ్ళిద్దరూ తలుపేసుకుని సోలారిస్ అనే రష్యా సినిమా రెండోసారి చూశారు. నేను కిటికీ దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డాను. రోడ్డు మీద కారు పోతూనే ఉంది, ఎవరూ ఏమీ మాట్లాడరు. పైగా దసరా తర్వాత హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసి, మీవాడు ఏసీకి కాగితం ముక్కలు అంటించి ఆ చప్పుడు వింటూ పడుకుంటున్నాడని చెప్పాడు. ఈ వయసు పిల్లలకి ఇలాంటి సినిమాలు నిజంగా అర్థమవుతాయా, లేక బాబాయిని చూసి నటిస్తున్నాడా? మానసిక జబ్బేమైనా ఉందా? ఎలా మాన్పించాలి?

జవాబు: అర్థమవుతాయి. మీరు అడిగిన దానికి జవాబు అంతే. 16 ఏళ్ళవాడికి మెల్లగా సాగే సినిమా నచ్చితే వింతేం లేదు, నచ్చకపోయినా వింతేం లేదు. మా మనవరాలిదీ అదే వయసు, పది నిమిషాలు చూసి ఫోన్ తీసుకుని లేచిపోయింది. 1968లో 2001: ఎ స్పేస్ ఒడిస్సీ అనే ఇంగ్లీషు అంతరిక్ష సినిమా విడుదలైనప్పుడు మొదటి ప్రదర్శనల్లో మధ్యలో లేచి వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందులో మొదటి మాట వినపడడానికే దాదాపు 25 నిమిషాలు పడుతుంది మరి. ఆ సినిమాను నిలబెట్టింది అప్పటి కుర్రకారు. కాబట్టి మీవాణ్ణి గురించి ఆ బెంగ వదిలేయండి.

మీ ఉత్తరం చదివాక సోలారిస్ నేనూ పెట్టించుకుని చూశాను. 1972లో రష్యా దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన సినిమా, రెండుమ్ముప్పావు గంటలు. మీరు కిటికీలోంచి చూసిన ఆ కారు సీను టోక్యో రోడ్ల మీద తీసినది. సరిగ్గా అక్కడే నాకు కునుకు పట్టింది, మా కోడలు లేపింది. లేపడం మంచిదైంది, లేకపోతే మీవాడి కాగితాల సంగతి నాకు తెలిసేది కాదు. ఆ కథలో భూమికి ఎంతో దూరంగా, ఒక గ్రహం మీద తేలే స్టేషన్‌లో మనుషులుంటారు. వాళ్ళు గాలి వచ్చే చోట కాగితాన్ని సన్నగా చీల్చి అంటించుకుంటారు. రాత్రిపూట అవి ఆకులు కదిలినట్టు చప్పుడు చేస్తాయి. చెట్టూ చేమా లేని చోట ఇంటిమీద బెంగకి వాళ్ళు చేసుకున్న వైద్యం అది.

మీ చెరువు గట్ల మీద కొబ్బరిచెట్లున్నాయి కదా? మీవాడు పుట్టినప్పటి నుంచీ ఆ ఆకుల చప్పుడులో పడుకున్నాడు. ఇప్పుడు కిటికీ తెరవని గదిలో, పరుపు పక్కన పరుపు వేసుకుని పడుకుంటున్నాడు. సినిమా అర్థమైందా లేదా అని ఎవరైనా పరీక్ష పెడితే ఇంతకంటే మంచి జవాబు ఎవరు రాస్తారండీ? వార్డెన్‌కి ఫోన్ చేసి ఆ కాగితాల జోలికి వెళ్ళొద్దని చెప్పండి.

జబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. పిల్లలు తిండి, నిద్ర మానేసినా, స్నేహితులకు దూరమైనా, బతకడం దండగ లాంటి మాటలు అన్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. మీ ఉత్తరంలో అలాంటిదేం కనపడలేదు. కనుమ నాడు రెండోసారి గారెలు అడిగి వేయించుకున్నాడని, మార్కులు తగ్గలేదని మీరే రాశారు.

ఇక అసలు సంగతికి వద్దాం. మీరు పంపింది నాలుగు పేజీలు. పైన అచ్చు వేసింది అందులో మొదటి పేజీ సారాంశం. మిగతా మూడు పేజీలూ మీ తమ్ముడే.

మీరు ఇంటర్లో ఉండగా నాన్నగారు పోయారు. మీరు చదువు మానేసి పొలం, తర్వాత చెరువులు చూసుకున్నారు. తమ్ముణ్ణి ఇంజనీరింగ్ చదివించారు. ఆయన హైదరాబాదు వెళ్ళి, అక్కడ పెళ్ళి నిలబడక, ఉద్యోగమూ పోయి, రెండేళ్ళ కిందట ఇంటికొచ్చారు. పోయిన ఏప్రిల్లో ఒక రాత్రి చెరువు కాపలా ఆయనకి అప్పజెప్పి మీరు పెళ్ళికి వెళ్ళారు. రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ వేయాల్సిన మనిషి షెడ్డులో ఫోన్లో సినిమా చూస్తూ నిద్రపోయారు. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎలాగూ అడుగంటుతుంది, ఆపై నీళ్ళు తిప్పే ఆధారం కూడా కాసేపు లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా. తెల్లారేసరికి రొయ్యలు తేలాయి. వారంలో రొయ్యలు పట్టి అమ్మాల్సిన చెరువు. 11 లక్షల నష్టం.

అది చిన్న దెబ్బ కాదు. మర్చిపొమ్మని నేను చెప్పను, అలా చెప్పేవాళ్ళు ఎప్పుడూ చెరువు చేసి ఉండరు. కానీ ఆ రాత్రి గురించి మీరు ఒకటిన్నర పేజీ రాశారు. ఎన్ని ఎకరాలు, కిలోకి ఎన్ని రొయ్యల కౌంటు, అప్పటికి ఎన్ని బస్తాల మేత అయింది, వ్యాపారి ఎంత రేటు మాట్లాడాడు, అన్నీ ఉన్నాయి. మర్నాడు పొద్దున మీ తమ్ముడు ఏమన్నారో ఒక్క ముక్క లేదు. ఆయన ఏమీ అనలేదా? మీరు అననివ్వలేదా?

అప్పటి నుంచి తొమ్మిది నెలలుగా మీ ఇద్దరికీ మాటల్లేవు. సినిమాల పిచ్చి వేసవి నుంచి, మాటలు ఆగిపోయిందీ వేసవి నుంచే. ఈ రెండూ మీరు వేరువేరు పేజీల్లో రాశారు కాబట్టి మీకు కలిపి చూడాలనిపించలేదేమో. మీ మూడో పేజీలో, ఏదో మాటవరసకి రాసినట్టు, ఒక వాక్యం ఉంది: "అన్నానికి పిలవాలంటే అబ్బాయిని పైకి పంపుతాను, వాడు లేనప్పుడు మా ఆవిడ పళ్ళెంలో పెట్టి, మీద ఇంకో పళ్ళెం బోర్లించి పంపిస్తుంది." మరి మేడ మెట్లు ఎక్కించింది మీరే కదండీ. పైకి వెళ్ళిన పిల్లాడు అక్కడ ఏదో సినిమా ఆడుతుంటే ఓ పక్కన కూర్చున్నాడు. బాబాయి లేవమనలేదు.

నాకు ఈ విషయంలో కాస్త ఎక్కువ కోపం వస్తుంది, కారణం చెబుతాను. మా నాన్నగారు, మా పెదనాన్నగారు ఒకే లోగిట్లో పన్నెండేళ్ళు మాట్లాడుకోకుండా బతికారు. కబుర్లు మోసింది నేను. "మీ నాన్నని అడుగు, రేపు కాలవ నీళ్ళ వంతు ఎవరిదో" అని పెదనాన్నగారు ఉరిమితే, నేను వరండా దాటేలోపు దాన్ని "పెదనాన్న నీళ్ళు పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు" అని మార్చుకునేదాన్ని. అటు నుంచి వచ్చిన జవాబును మళ్ళీ కడిగి ఇటు చెప్పేదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్లని. ఇద్దరికీ నేనంటే ప్రాణం. నాకు మాత్రం ఎవరైనా నోరు తెరిస్తే చాలు కడుపులో టెన్షన్ మొదలయ్యేది, ఈ మాట ఎటు మొయ్యాలో అని.

మీవాడూ ఆ మెట్ల మీద మాటలు మారుస్తూనే ఉండి ఉంటాడు. మీరు "తింటాడో లేదో కనుక్కో" అని పంపితే, పైకి వెళ్ళేసరికి అది "బాబాయ్, నాన్న అన్నానికి రమ్మంటున్నారు" అవుతుంది. అలాంటి పిల్లాడికి ఎవరూ ఎక్కువ మాట్లాడని సినిమా ఎంత హాయిగా ఉంటుందో ఊహించండి. నీళ్ళు కదులుతుంటాయి, వాన పడుతుంటుంది, బయట పెట్టిన టీ కప్పులో చినుకులు పడుతుంటాయి. ఎవరి మాటా ఎవరికీ చేరవేయనక్కర్లేదు. పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని, మార్కులెన్ని అని అడగకుండా, వాడు చూసిందే చూస్తుంటాడు.

ఓపిగ్గా చూడటం వాడికి బాబాయి నేర్పాడని మీ ఫిర్యాదు. చిన్నప్పుడు రాత్రంతా మీతో చెరువు గట్టు మీద కూర్చునేవాడని కూడా మీరే రాశారు. టార్చి వెలుగులో, మేత తిన్నాయో లేదో చూడడానికి నీళ్ళలో దించిన చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య ఒంట్లో నల్లగీత నిండుగా ఉందా అని మీరు చూస్తుంటే పక్కన నోరు మూసుకుని చూసిన పిల్లాడు వాడు. మళ్ళీ రెండు గంటలు ఏమీ జరగదు, మళ్ళీ ట్రే లాగుతారు. ఇంతకంటే నెమ్మదైన సినిమా ఏ రష్యావాడూ తీయలేదు.

ఇంకోటి. "సైన్సు సినిమా అంటే ఆదిత్య 369లా ఉండాలి, 1991లో తమ్ముణ్ణి సైకిలు మీద ఎక్కించుకుని భీమవరం తీసుకెళ్ళి చూపించాను" అని గొప్పగా రాశారు. అప్పుడు ఆయనకి ఎన్నేళ్ళు, ఏడా? టైమ్ మెషీన్ చూసి వస్తూ వెనక కూర్చుని దారంతా ఏం ప్రశ్నలు వేశారో మీకు గుర్తుందా? గుర్తుంటే ఆ రోగం ఎవరు అంటించారో మీకే తెలుస్తుంది.

అన్న అంటే తండ్రి తర్వాత తండ్రి అంటారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే తండ్రి తిట్టినట్టు తిట్టాలి కూడా. ఎదురుగా నిలబెట్టి, 11 లక్షలూ లెక్క చెప్పి, గొంతు బొంగురుపోయేలా ఒక్కసారి తిట్టేసి, పద అన్నం తిందాం అనాలి. తొమ్మిది నెలలు పక్కింటివాడిలా చూడటం తండ్రి చేసే పని కాదు, దాయాదులు చేసే పని. "చదివించాను" అనే మాట మీ ఉత్తరంలో ఆరుసార్లు ఉంది. చదివించారు, కాదనేవాళ్ళెవరు. కానీ ఆరుసార్లు వింటే ఎంత మంచి తమ్ముడైనా అప్పులవాడిలాగే తల దించుకుంటాడు, తల దించుకున్నవాడు కిందికొచ్చి మీ ఎదురుగా పీట మీద కూర్చోలేడు.

ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. మీ తమ్ముడు ఇది చదివితే ఆయనకీ ఒక మాట. బాబూ, నలభై దాటినవాడివి. తప్పు చేసిన మనిషి మేడెక్కి కూర్చుంటే వదినగారు ఎన్నాళ్ళు పళ్ళేలు మోయిస్తుంది? అన్నకి ఎదురుపడే ధైర్యం లేక పిల్లాడి స్నేహం చాటున దాక్కోవడం నాకు నచ్చలేదు. వాడికి మంచి సినిమాలు చూపిస్తున్నావు, సంతోషం. రేపటి నుంచి రాత్రి కాపలాకి నేనొస్తానని నీ నోటితో నువ్వే వెళ్ళి చెప్పు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళు.

ఇక మీరు. సినిమాలు మాన్పించే ఆలోచన పక్కన పెట్టండి, మాన్పిస్తే వాడు హాస్టల్లో దొంగతనంగా చూస్తాడు, అంతే తేడా. సెలవులు అయిపోయి వాడు బస్సెక్కే లోపు ఒక పని చేయండి. ఆ పూట అన్నం వేళకి వాణ్ణి పంపకుండా మీరే పైకి వెళ్ళండి. మొదట ఏప్రిల్ రాత్రి సంగతి అడగండి, ఏం జరిగిందిరా అని. ఆయన చెప్పేది అయిపోయేదాకా లెక్కలు ఎత్తకండి. అరుపులు వస్తే రానివ్వండి, వాడు వింటాడని భయపడకండి. తొమ్మిది నెలల మౌనం కంటే అరుపులు వాడికి తేలిక.

ఒకవేళ మీరు వెళ్ళేసరికి వాళ్ళు సినిమా పెట్టుకుని ఉంటే, ఈసారి కిటికీ దగ్గర నిలబడకుండా లోపలికి వెళ్ళి కూర్చోండి. కారు సీను దగ్గర నిద్రొస్తే పడుకోండి, నేనూ పడుకున్నాను. చివరి సీనుకి మాత్రం లేపమని అబ్బాయికి చెప్పండి, అది తండ్రీ కొడుకులది.