ముత్తాత పతకాన్ని తోమకు

బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. ఖైబర్ కనుమలో గుండెకి తూటా తగిలి మీ ముత్తాత ఒరిగిపోయే చోట నా పెన్సిలు ఆగిపోయింది. బాగా రాశావు. కానీ నాయనా, ఆ తూటా సంగతి నీకెవరు చెప్పారు? "కాబూలు యుద్ధంలో పోయాడు" అన్న మాట తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదని నీ ఉత్తరంలోనే ఉందిగా.

ఈ తప్పు నేనూ చేశాను. మా తాత అన్నగారు చిత్తూరు పల్లె నుంచి వచ్చి, ఇక్కడే హలసూరు చెరువు దగ్గర మద్రాస్ సాపర్స్ పటాలంలో చేరాడు. అఫ్గాన్ సరిహద్దుకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. నేను ఆయన మీద కథ రాసి, తూటాతోనే చంపాను. పదేళ్ల తర్వాత కాగితం దొరికింది. 1919, కలరా. మూడో అఫ్గాన్ యుద్ధంలో మనవైపు తూటాలకన్నా కలరాకే ఎక్కువమంది పోయారు. సాపర్లంటే దారులు వేసేవాళ్లు, వంతెనలు కట్టేవాళ్లు, దండుకి నీళ్లు అందించేవాళ్లు. అలాంటి మనిషి ఆ నీళ్ల జబ్బుతోనే పోయాడు. ఆ ఒక్క ముక్క చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. అప్పటికే నా కథ అచ్చయిపోయింది.

అందుకే ముందు సంవత్సరం తేల్చుకో. మన ఇళ్లలో సరిహద్దు పోరాటాలన్నీ కాబూలు యుద్ధాలే. 1878-80లో జరిగిందీ అదే, 1897లో ఖైబర్ దగ్గరి తీరా అనే కొండసీమ మీద జరిగిన దండయాత్రా అదే, 1919దీ అదే. మీ నాయనమ్మని తారీఖులు అడగకు, ఆవిడ చెప్పలేకపోవచ్చు. మీ ముత్తాత ఆఖరి బిడ్డ ఎప్పుడు పుట్టింది, 1918లో ఊళ్లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఆయన ఇంట్లో ఉన్నాడా అని అడుగు.

1919 అని తేలితే, యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులూ పేర్లూ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతుకు. మొదటి యుద్ధానికి వాళ్ల లెక్క 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా. సరిహద్దులో పోయినవాళ్లు చాలామంది ఢిల్లీ ఇండియా గేట్ మీద ఉన్న 13,000 పైచిలుకు పేర్లలో కనిపిస్తారు. కొందరికి కమిషన్ జాబితాలో తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. 1897 అయితే అక్కడ దొరకడు, బెంగపడకు. 1895లో మద్రాసు సైన్యాన్ని రద్దు చేసి అందరినీ ఒకే ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. కాబట్టి అంతకు ముందు సంగతులకి చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. తర్వాతి వాటికి ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్. వాళ్ల వెబ్‌సైటు అభిలేఖ్ పటల్ ఇంటి నుంచే చూసుకోవచ్చు.

పేరు ఒక్క స్పెల్లింగుతో వెతికి వదిలేయకు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. వెంకటస్వామి యెంకటసామి అవుతాడు. జిల్లా కూడా అంతే. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకు ముందు పటాలంలో చేరినవాడైతే ఊరిని బట్టి ఉత్తర ఆర్కాటు అనో కడప అనో చూడాలి. నేను దీని దగ్గరే ఏడాది పోగొట్టుకున్నాను.

మీ ఇంట్లో కంచు బిళ్ల ఉందన్నావు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇళ్లకి అవి పంపేవారు. దాని మీద ఆయన పేరే ఉంటే 1878, 1897 కావన్నట్టే. దాని మీద పేరు తప్ప హోదా, నంబరు ఉండవు. వెండి పతకం అలా కాదు. దాని అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం చిన్న అక్షరాలతో చెక్కి ఉంటాయి. ఆ నంబరు దొరికితే సగం దారి నడిచినట్టే. పతకాలు కరిగించి ఆడపిల్లలకి పట్టీలు చేయించిన ఇళ్లున్నాయి. మీవాళ్లనీ ఒకసారి కనుక్కో, తప్పుపడుతున్నట్టు మాత్రం అడగకు.

ఇంత చేసినా ఎలా పోయాడో తెలియకపోవచ్చు. అప్పుడు తెలియదనే రాయి. ఉత్తరం కోసం మీ ముత్తవ్వ ఎన్నాళ్లు చూసిందో ఇంట్లో చెప్పుకున్నారు కదా, దాన్ని రాయి. నీ కథలో ఆవిడకి రెండు వాక్యాలే ఇచ్చావు.

వచ్చే ఆదివారం మా ఇంటికి రా. బిళ్లనీ, పతకం దొరికితే దాన్నీ మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకురా. తోమకు. మా పతకాన్ని అవ్వ పండగ పండక్కీ విబూదితో తోమింది. భూతద్దం పెట్టి చూసినా నంబరులో చివరి రెండు అంకెలు కనబడలేదు.

మీ మాస్టారు