ఉద్యోగం మాని మైకు పట్టుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గచ్చిబౌలి ఉద్యోగానికి రాజీనామా చేసి స్టాండప్ కామెడీనే వృత్తిగా చేసుకుంటావని మీ అమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. ఆమెను ఓదార్చాను గాని, మన ఇంట్లో నా తరువాత మళ్లీ ఒకరు వేదిక ఎక్కుతున్నారని లోలోపల పొంగిపోయాను. ఆ మాట మీ అమ్మతో అనకు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. లామకాన్ వేదిక మీదైనా మరెక్కడైనా, కొత్తవాళ్లు కూడా పేరిచ్చి మైకు పట్టుకునే ఓపెన్ మైక్‌లో దొరికే అయిదు నిమిషాలను వదులుకోకు. రికార్డు చేసుకుని, నవ్వు రాని చోటు ఎక్కడో విను. ఏడాది ఖర్చు బ్యాంకులో లేకుండా రాజీనామా చేయకు. రవీంద్రభారతిలో మిమిక్రీ చేసిన రోజుల్లో కూడా నేను గుమాస్తా ఉద్యోగం వదలలేదు. ఈ రోజు నా మందుల ఖర్చు ఆ పింఛనే భరిస్తున్నది.

అసలు చెప్పవలసినది నాతో కలిసి తిరిగిన ఒక మిత్రుడి సంగతి. మేమంతా నేరెళ్ల వేణుమాధవ్ గారిని చూసి గొంతులు అనుకరించడానికి తంటాలు పడుతుంటే, వాడు ఎవరి గొంతూ తీయకుండా, పెళ్లిచూపుల మీద సొంతంగా అల్లిన ఇరవై నిమిషాల అంశంతో జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు. వినాయక చవితి పందిళ్లలో ఆ ఒక్క అంశంతోనే ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఊరు మారితే జనమూ మారేవారు గనుక చెల్లిపోయింది. తరువాత ఒక కంపెనీ దానిని క్యాసెట్టుగా తెచ్చింది. మరుసటి చవితికి పందిట్లో పిల్లలు వాడికంటే ముందే పంచ్ చెప్పేశారు. అప్పుడైనా కూర్చుని కొత్తది రాయవలసింది. రాయకుండా గొంతు పెంచాడు; అదీ చాలక, ముందు వరుసలో కూర్చున్న వాళ్ల లావు మీద, నలుపు మీద పడ్డాడు. జనం నవ్వారు, నిర్వాహకులు మాత్రం మళ్లీ పిలవలేదు. చివరికి పెళ్లి విందుల్లో, భోజనాల సందడి మధ్య, ఎవరూ వినని అదే ఇరవై నిమిషాలు చెప్పి, కవరు తీసుకుని వెళ్లిపోయేవాడు.

ఆ క్యాసెట్టు చేసిన పనిని ఇప్పుడు యూట్యూబ్ ఒక్క రాత్రిలో చేస్తుంది. కనుక టికెట్టు పలుకుతున్న అంశాన్ని తొందరపడి వీడియోగా పెట్టకు; పెట్టాక హాల్లో మళ్లీ చెప్పకు. మీ తరం కమెడియన్లు ప్రేక్షకులతో అప్పటికప్పుడు ఆడిన మాటలనే వీడియో ముక్కలుగా పెడుతున్నారు, తెలివైన పనే. అయితే ఎదుటివాడి ఒంటి జోలికి వెళ్లావంటే చెవి మెలిపెడతాను.

ఇక ఎప్పుడు ఆపాలన్న సంగతి. అమెరికా స్టాండప్ కమెడియన్ జార్జ్ కార్లిన్ 1977 నుంచి 2008 వరకు హెచ్‌బీఓ టీవీ చానల్‌కు 14 ప్రత్యేక కార్యక్రమాలు చేసి, చివరిది ప్రసారమైన ఏడాదే 71 ఏళ్ల వయసులో పోయాడు. అక్కడి టీవీ వ్యాఖ్యాత జానీ కార్సన్ 30 ఏళ్లు నడిపిన టునైట్ షో అనే రాత్రి హాస్య కార్యక్రమాన్ని 1992లో మంచి ఊపులో ఉండగానే విడిచిపెట్టాడు. ఆ తరువాత కూడా ఇంట్లో జోకులు రాసి, అలాంటి షోనే నడిపే డేవిడ్ లెటర్‌మన్‌కు పంపేవాడట. నువ్వు ఎవరి దారిన విరమించుకున్నా నాకు సమ్మతమే.

షో ముగిసేసరికి మెట్రో ఆగిపోతే ఒంటరిగా ఆటో ఎక్కకు, చిక్కడపల్లిలో మన ఇల్లుంది. ఎంత రాత్రయినా అత్తయ్య తలుపు తీస్తుంది. నీ మొదటి షోకు టికెట్టు కొనుక్కునే వస్తాను. ముందు వరుసలో మాత్రం కూర్చోను.

మీ మామయ్య