పార్లమెంటులో అన్ని వర్గాలూ కనిపించాలంటే కోటాలు పెట్టాల్సిందేనా?

కొంతవరకు పెట్టాల్సిందేనని నా అభిప్రాయం. అచ్చం జనాభా లెక్కలాగే సభ ఉండాలంటే మాత్రం కుదరదు.

లోక్‌సభలో 543 సీట్లుంటే ఎస్సీలకు 84, ఎస్టీలకు 47 కేటాయించారు. బీసీలకు ఏమీ లేదు. అయినా 2024లో మా అనంతపురం నుంచి అంబికా లక్ష్మీనారాయణ, కర్నూలు నుంచి బస్తిపాటి నాగరాజు గెలిచారు. ఇద్దరూ బీసీలే, రెండూ జనరల్ సీట్లే. బోయ, కురుబ ఓట్లు దండిగా ఉన్న చోట పార్టీలే వెతుక్కుంటూ వచ్చి టికెట్ ఇస్తాయి. ఊరూరా కొద్దికొద్దిగా చెదిరి ఉన్నవాళ్ల గడప ఎవరు తొక్కుతారు? కోటా అవసరం అక్కడే.

ఆడవాళ్లది ఇంకో తిరకాసు. ఓట్లలో సగం వాళ్లవే, 2024లో లోక్‌సభకు గెలిచింది 74 మంది. మూడో వంతు సీట్లిస్తామన్న 2023 నాటి చట్టం జనగణన, డీలిమిటేషన్ (నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడం) అయ్యాకే అని మెలిక పెట్టింది.

పంచాయతీల్లో ఆడవాళ్లకు కోటా ఇస్తే ఏమైంది, సర్పంచి కుర్చీ భార్యది, పెత్తనం మొగుడిది కదా అంటారు. నిజమే, మా పక్క పల్లెల్లోనూ చూశాను. కానీ రెండోసారి గెలిచినామె సంతకం పెట్టేముందు కాగితం చదవడమూ చూశాను.

ఇంకొకటి మరిచిపోతాం. శింగనమల, కోడుమూరు, బద్వేలు లాంటి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాల్లో పోటీ చేసేది ఎస్సీలే అయినా ఓటేసేది అందరూ. 1932లో గాంధీ, అంబేడ్కర్‌ల మధ్య కుదిరిన పూనా ఒప్పందం నుంచి వచ్చిన పద్ధతిది. అందుకే అక్కడ గెలిచినవాళ్లు సొంత వర్గం కోసం గట్టిగా మాట్లాడాలన్నా మిగతా ఓట్లు చూసుకోవాలి, టికెట్ ఇచ్చిన నాయకుడి మొహమూ చూడాలి.