వార్నిష్ చివర చూడండి

ఈ నెల ప్రశ్నలన్నీ పాత చెక్క మోటార్ బోట్ల గురించే. చాలా ఏళ్ళుగా మిషిగన్‌లో ఉంటూ, 1948 నాటి 17 అడుగుల క్రిస్-క్రాఫ్ట్ (అమెరికాలో పేరున్న బోట్ల కంపెనీ) బోటును స్వయంగా చూసుకుంటున్న ఓ రిటైర్డ్ మెకానికల్ ఇంజనీరు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: అక్కయ్యగారూ, లేక్ ఒడ్డున ఇల్లు కొన్నప్పటి నుంచి మావారికి మహాగనీ బోటు మీద మనసు. 1951 నాటి 18 అడుగుల క్రిస్-క్రాఫ్ట్ రివియెరా ఒకటి అమ్మకానికి వచ్చింది. ఫొటోల్లో తళతళలాడుతోంది. ఇంజిన్ మరీ పాతదని నాకు భయం. ఏం చూసి కొనాలి?
– ఓ పాఠకురాలు, నోవై

జవాబు: ఇంజిన్ గురించి అంత భయం అక్కర్లేదమ్మా. ఆ రోజుల్లో క్రిస్-క్రాఫ్ట్ వాడిన 95 హార్స్‌పవర్ 'కె' ఇంజిన్‌కి ఆధారం హెర్క్యులెస్ ఆరు సిలిండర్ల బ్లాకు. మొండి ఇంజిన్. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, తెలిసిన మెకానిక్‌లూ ఉన్నారు. ఒక్కటి మాత్రం అడగండి: ఏటా చలికాలానికి ముందు బ్లాకులో నీళ్ళు పూర్తిగా వదిలేశారా అని. లోపల నీళ్ళు గడ్డకడితే ఇనుము పగులుతుంది.

మీ డబ్బంతా అడుగు భాగంలో ఉంటుంది. పైన మహాగనీ పలకలు, లోపల ఓక్ ఫ్రేములు. అడుగున పలకలు రెండు వరసలు, మధ్యలో జిగురు మందు పట్టించిన కాన్వాస్ గుడ్డ. డెబ్భై ఏళ్ళు దాటాక ఆ గుడ్డ పనిచేస్తుందని ఆశపడకండి. అందుకే ముందు అడగాల్సిన మాట, "అడుగు మార్చారా? ఎప్పుడు, ఎవరు?" అని. చాలామంది ఇప్పుడు 3ఎమ్ 5200 అనే రబ్బరులాంటి జిగురు పెట్టి కొత్త అడుగు కట్టిస్తున్నారు. అలాంటిది నానబెట్టకుండానే నీళ్ళలోకి దిగుతుంది. పనికి ఫొటోలు, బిల్లులు ఉంటే మరీ మంచిది.

తర్వాత బోటు కింద దూరండి. బట్టలు మాసినా ఫర్వాలేదు. కీల్ (అడుగున మధ్యలో పొడవునా ఉండే దూలం) పక్క పలకలు, ముందు మొన కీల్‌తో కలిసే చోటు, ట్రాన్సమ్ (వెనక గోడ) కింది మూలలు కొయ్య సుత్తితో మెల్లగా తట్టండి. మంచి చెక్క ఖంగుమంటుంది. పుచ్చింది బొదబొదమంటుంది. అక్కడ సన్నటి మొనతో గుచ్చితే తెలిసిపోతుంది. ఈ చెక్కను తినేసేది లేక్ నీళ్ళ కంటే ఎక్కువగా పై నుంచి కారి మూలల్లో నిలిచిపోయే వాన నీరే. ఒకటి రెండు స్క్రూలు తీయించి చూడండి. పాత ఇత్తడి స్క్రూలో జింకు పోయి గులాబీ రంగులోకి మారితే చేత్తోనే విరుగుతుంది. సిలికాన్ బ్రాంజ్‌వి వేసి ఉంటే ఆ దిగులు లేదు.

ఇవన్నీ చూశాకే వార్నిష్ చూడండి. అది ఎవరైనా ఒక్క సీజన్లో మెరిపించగలరు. చెక్క తెలిసిన సర్వేయరుని, అంటే బోట్లు పరీక్షించే నిపుణుణ్ణి, పెట్టుకోకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి. హల్ నంబరు, అంటే బోటు మీద ఉండే తయారీ నంబరు, రాసుకోండి. వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఉన్న మ్యారినర్స్ మ్యూజియంలో క్రిస్-క్రాఫ్ట్ కంపెనీ రికార్డులున్నాయి. ఆ నంబరుతో ఫ్యాక్టరీ కార్డు కాపీ తెప్పించుకుంటే, ఏ ఇంజిన్‌తో తయారై ఎక్కడికి వెళ్ళిందో తెలుస్తుంది. మా బోటు కార్డు చేతికొచ్చిన రోజు నాకు పండగే.

ప్రశ్న: మేలో బోటు దించగానే పలకల సందుల్లోంచి నీళ్ళు వచ్చేశాయి. టెన్షన్‌తో వెంటనే పైకి లాగేశాం. సందులన్నీ సీలెంట్‌తో గట్టిగా నింపేయమంటారా?
– ఓ పాఠకుడు, క్లీవ్‌లాండ్

జవాబు: వద్దు! మీది పాత పద్ధతి అడుగు అయితే అది చేస్తున్నది సహజమైన పనే. మా కోనసీమలో ఎండలకి వదులైన బండి చక్రాల్ని చెరువులో నానేసేవాళ్ళు. చక్రం ఆకులు (మధ్య పుల్లలు), పూటీలు (అంచు చెక్కలు) ఉబ్బి ఇనప పట్టా మళ్ళీ బిగిసేది. ఇదీ అంతే. చలికాలమంతా షెడ్డులో ఎండిన పలకలు నీళ్ళు తాగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని మూసుకుంటాయి. ఎండి ఉన్నప్పుడే సందులు గట్టిగా నింపేస్తే ఉబ్బడానికి చోటుండదు, స్క్రూలు లాగేసుకుంటాయి, ఫ్రేములు విరుగుతాయి.

బోటుని లిఫ్టు పట్టీల మీదే ఉంచి నీళ్ళలోకి దించండి. మంచి పంపు, బ్యాటరీకి చార్జర్ పెట్టండి. లోపలి చెక్కలు తీసి టార్చి వేసి చూడండి. మా బోటుకైతే మొదట కీల్ వెంబడి నీటి దారలు కనిపిస్తాయి, పంపు ఆగకుండా తిరుగుతుంది. తర్వాత దారలు బొట్లవుతాయి, పంపు ఎప్పుడో ఒకసారి గుర్రుమంటుంది. కొన్ని రోజులు నానాక కూడా ఒకే చోట కారుతుంటే అప్పుడు మిస్త్రీని పిలవండి.

ప్రశ్న: వాడితే పాడవుతుందని మావారు కవరు తీయనివ్వడం లేదు. పిల్లలకి ఆశగా ఉంది. పెట్రోలు బోటు కదా, ప్రమాదమేమో?
– ఓ పాఠకురాలు, ట్రాయ్

జవాబు: మీ వారికి నా మాటగా చెప్పండి, బోటుని తిప్పమని. ఏళ్ళ తరబడి కదలని బోటుకి పలకలు ఎండి పగుళ్ళిస్తాయి, కార్బురేటర్ జిగటపడుతుంది. వార్నిష్‌కి శత్రువు ఎండ. ఒడ్డున కట్టినప్పుడు కవరు వేసి, ఏటా వసంతంలో సన్నగా గీకి రెండు కోటింగులు వేస్తే చాలు.

ప్రమాదం నిజమే, దానికి పద్ధతుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. స్టార్ట్ చేసేముందు ఇంజిన్ మూత ఎత్తి ముక్కుతో వాసన చూడాలి. ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, బ్లోయర్, కనీసం నాలుగు నిమిషాలు తిరగాలి. పెట్రోలు పోయించాక కూడా అంతే. వాసన ఉంటే తాళంచెవి ముట్టుకోవద్దు. పిల్లలకి లైఫ్ జాకెట్లు వేశాకే ఎక్కించండి. ఆ తర్వాత గాలి పడిపోయిన సాయంత్రం మెల్లగా తీసుకెళ్ళండి. ఎండకి వెచ్చబడ్డ మహాగనీ డెక్కు మీద అరచేయి ఆనించి, ఆ ఆరు సిలిండర్ల మోత వింటూ వెళ్తుంటే, ఇంత కష్టం ఎందుకు పడతామో వాళ్ళకే తెలుస్తుంది.

ప్రశ్న: కొనేముందు ఇలాంటి బోట్లు ఎక్కడ చూడొచ్చు?
– ఓ పాఠకుడు, ఆన్ ఆర్బర్

జవాబు: ఆగస్టు రెండో శనివారం మిషిగన్ ఉత్తరాన హెస్సెల్ వెళ్ళండి, లే షెనో దీవుల చెక్క బోట్ల ప్రదర్శనకి. న్యూయార్క్ వైపు వెళ్తే క్లేటన్‌లోని యాంటిక్ బోట్ మ్యూజియం తప్పక చూడండి. హెస్సెల్లో ఓనర్లు బోట్ల పక్కనే ఉంటారు. అనుమతి లేకుండా ముట్టుకోకండి. ఇంజిన్ మూత తీసి చూపించమని అడిగితే మాత్రం ఎంతో సంతోషంగా చూపిస్తారు.