రోమన్ శిల్పాల్లోని ఆడవాళ్ల జడలు పిన్నుల్లేకుండా ఎలా నిలిచేవి?

సూదీ దారంతో కుట్టేవారు. జడల్ని తల చుట్టూ తిప్పి, జుట్టు రంగులోనే ఉన్న దారంతో ఒకదానికొకటి కుట్టేస్తే ఇక కదలవు, కుట్టూ కనబడదు. మనం వాడే రెండు కాళ్ల హెయిర్‌పిన్ను వాళ్లకు లేదు, ఉన్నది ఒంటి పుల్ల. చిన్న ముడైతే దానికి ఆగుతుంది కానీ, జడల దొంతర ఆగదు, జారిపోతుంది.

గందరగోళమంతా ఒక్క మాటతో వచ్చింది. లాటిన్‌లో 'ఆకుస్' అంటే సూదీ అవుతుంది, కొప్పులో పెట్టే పుల్లా అవుతుంది. అనువాదకులు పుల్ల అనే రాసుకుంటూ పోయారు. అది సూదేనని 2008లో అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన హెయిర్‌డ్రెస్సర్ జానెట్ స్టీఫెన్స్ వాదించారు. నిజం జుట్టు మీద కుట్టి చూపించారు కూడా. పెళ్లికూతురికి పూలజడ కుట్టడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

జడల్ని తల చుట్టూ తిప్పడానికి ఒక ఉదాహరణ, రోమ్‌లోని వెస్టా దేవత పూజారిణులు. వాళ్ల జుట్టును ఆరు జడలుగా అల్లి తలకు చుట్టేవారు, దానిపైన ఉన్ని పట్టీలు కట్టేవారు.

ఆ శిల్పాల్లో ఉన్నవన్నీ విగ్గులేనని చాలామంది అనుకుంటారు. రోమ్‌లో విగ్గులు ఉన్నమాట నిజమే. అంతమాత్రాన ప్రతి కొప్పూ విగ్గు కానక్కర్లేదు, పొడవాటి జుట్టుంటే ఇలా కుట్టుకోవచ్చు. మీరు ప్రయత్నిస్తే మొన మొద్దుగా ఉన్న సూది వాడండి. విప్పేటప్పుడు కత్తెర దారం మీదే పడేలా చూసుకోండి.