మాస్టొడాన్‌లో సర్వర్ మారితే పాత పోస్టులు కూడా వస్తాయా?

పాత పోస్టులు రావు. మాస్టొడాన్ అంటే వేర్వేరు వాళ్లు విడివిడిగా నడిపే సర్వర్లు కలిసి పనిచేసే సోషల్ నెట్‌వర్క్. సర్వర్ మారితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లు కొత్త ఖాతాకు వస్తారు గానీ పోస్టులు పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. ప్రతి పోస్టు చిరునామాలోనూ ఆ సర్వర్ డొమైన్ పేరు ఉంటుంది, రిప్లైలూ బూస్టులూ (ఇతరులు తిరిగి పంచుకోవడం) ఆ చిరునామాకే ముడిపడి ఉంటాయి.

ఉదాహరణకు ‘క’ సర్వర్ నుంచి ‘ఖ’కు వెళ్లాలనుకోండి. ముందు ‘ఖ’లో ఖాతా తెరిచి, సెట్టింగుల్లో పాత ఖాతాను అలియాస్‌గా, అంటే అదీ మీదేనని తెలిపే మారుపేరుగా, చేర్చాలి. ఆ తర్వాతే ‘క’లోకి వెళ్లి, కొత్త చిరునామా, పాత ఖాతా పాస్‌వర్డ్ ఇచ్చి తరలింపు మొదలుపెట్టాలి. అలియాస్ మరిచిపోతే అక్కడే ఆగిపోతుంది. మీరు ఫాలో అయ్యేవాళ్ల జాబితా, బ్లాకులు, మ్యూట్లు వాటంతట అవి రావు. సీఎస్‌వీ ఫైళ్లుగా (జాబితాలు దాచే సాదా ఫైళ్లు) దించుకుని కొత్తచోట ఎక్కించుకోవాలి. ఒకసారి మారాక 30 రోజుల దాకా మళ్లీ మారలేరు.

మాస్టొడాన్ వికేంద్రీకృతం, అంటే ఒకే సంస్థ చేతిలో లేదు, కాబట్టి ఖాతా పూర్తిగా మన చేతిలోనే ఉందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఖాతా మారిందని మిగతా సర్వర్లకు వెళ్లే తరలింపు సందేశంపై డిజిటల్ సంతకం చేసే రహస్య కీ పాత సర్వర్ దగ్గరే ఉంటుంది. ఆ సర్వర్ చెప్పాపెట్టకుండా మూతపడితే ఫాలోవర్లను తెచ్చుకునే దారే ఉండదు. కాబట్టి మూసివేత నోటీసు కనిపించిన రోజే కదలండి.