సంచి మార్చే పని మీ నాన్నగారి చేతికే ఇవ్వండి

చెల్లెమ్మా, మీ నాన్నగారికి 58 ఏళ్లని, పురీషనాళం అడుగున క్యాన్సర్ గడ్డ అని, కరెంటు పెట్టడం (రేడియేషన్) అయిపోయి వచ్చే వారం ఏపీఆర్ ఆపరేషన్ అని రాశారు. మలద్వారం తీసేసి పొట్ట మీద శాశ్వతంగా స్టోమా, అంటే పేగు కొసను బయటికి తెచ్చి మలం సంచిలోకి వచ్చేలా చేసే ద్వారం, పెడతారని తెలిసిన దగ్గర్నుంచి "సంచి తగిలించుకుని బతికే బతుకు నాకొద్దు" అంటున్నారని, ఎలా కోలుకుంటారని, మీరేం చేయాలని అడిగారు. ఇదే ఆపరేషన్ నాకు 2017 ఫిబ్రవరిలో అయింది. అప్పటికి 51 ఏళ్లు, ఖమ్మంలో ఆర్టీసీ కండక్టర్ని. నేనూ అదే మాట అన్నాను. ముందు పెట్టిన కంచం పక్కకు తోసేశాను.

ముందు ఈ వారంలోనే చేయాల్సిన పని. స్టోమా ఎక్కడ రావాలో ఆపరేషన్‌కు ముందే పొట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టమని అడగండి. పడుకోబెట్టి చూస్తే సరిపోదు. కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి, వంగమనాలి, ఆయన రోజూ కట్టే లుంగీయో ప్యాంటో కట్టించి చూడాలి. పొట్ట మడత పడే చోట, బెల్టు వచ్చే చోట రాకూడదు. తల వంచితే ఆయన కళ్లకు ఆయనకే కనబడాలి. నాకు ఆ గుర్తు పెట్టలేదు, అడగాలని నాకూ తెలియదు. స్టోమా సరిగ్గా బెల్టు గీత మీదికి వచ్చింది. కూర్చుంటే చర్మం మడత పడి, సంచిని పొట్టకు అంటించి ఉంచే ఫ్లాంజ్ అనే బిళ్ల అంచు లేచేది, లేస్తే కారేది. మొదటి ఆరు నెలలు నేను పడ్డ అవస్థలో సగం ఆ రెండంగుళాల తేడా వల్లే.

ఇదేదో కొత్త ప్రయోగమని ఆయన భయపడుతుంటే, ఈ ఆపరేషన్‌ను లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ అనే సర్జన్ 1908లోనే వివరించారని చెప్పండి. ఆ తర్వాత పద్ధతులు చాలా మెరుగుపడ్డాయి. గడ్డ మరీ కిందికి ఉండి, మోషన్‌ను ఆపి ఉంచే కండరాన్ని తాకితే ఆ కండరాన్ని కూడా తీయక తప్పదు. అందుకే శాశ్వత స్టోమా. డాక్టరు తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు అది.

ఆపరేషన్ తర్వాత అందరూ పొట్ట వైపే చూస్తారు. నిజానికి ఎక్కువ బాధ పెట్టేది వెనక కుట్లు. మలద్వారం తీసేసి మూసిన చోటు అది. కరెంటు పెట్టిన చర్మం కాబట్టి మెల్లగా మానుతుంది. నాకు పదిహేనో రోజున కుట్ల దగ్గర కొంచెం విడిపోయి నీరు కారింది. పూర్తిగా మానడానికి మూడు నెలలు పట్టింది, రోజూ డ్రెస్సింగే. కూర్చోవడానికి మెత్తటి దిండు వాడండి. మొలలకు వాడే రింగులాంటి దిండు వద్దని మా డాక్టరు గట్టిగా చెప్పారు, అది కుట్లను రెండు పక్కలకూ లాగుతుందట. ఒకేసారి అరగంట మించి కూర్చోనివ్వకండి, ఒక పక్కకు తిరిగి పడుకోవడమే హాయి. కారేది చీములా మారినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఫోను చేసి ఊరుకోకండి, తీసుకెళ్లి చూపించండి.

ఇంకో సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఇంటికొచ్చిన వారానికి అర్ధరాత్రి లేచి బాత్రూం వైపు పరిగెత్తాను. దొడ్డికి వస్తున్నట్టే ఉంది, అదీ లేని చోటునుంచి. గడ్డ మళ్లీ మొలిచిందనుకుని తెల్లవార్లూ కూర్చుని ఏడ్చాను. భాగం తీసేసినా దాని కబురు మోసిన నరాలు ఉంటాయి కదా, అవి ఇంకా పాత కబురే పంపుతాయి. చెయ్యి తీసేసినవాళ్లకు లేని వేళ్లు నొప్పి పుట్టినట్టే ఇదీ. నాకు నెలలు గడిచేకొద్దీ తగ్గింది, ఇప్పటికీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. మీ నాన్నగారికి ఇది ముందే చెప్పి ఉంచండి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. మా ఆవిడ నన్ను పసిబిడ్డలా చూసుకుంది. ఆసుపత్రిలో నర్సమ్మ బ్యాగు మార్చడం నేర్పుతుంటే నేను కళ్లు మూసుకున్నాను, ఆవిడ నేర్చుకుంది. ఇంటికొచ్చాక రెండు నెలలు ఆవిడే తీసింది, కడిగింది, అంటించింది, ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. కానీ ఆ రెండు నెలలూ నేను మనిషిని కాను. ఆవిడ చెయ్యి పొట్ట మీద పడితే సిగ్గుతో గోడవైపు తిరిగేవాణ్ణి. చుట్టాలు వస్తే నిద్ర నటించేవాణ్ణి.

ఏప్రిల్‌లో వాళ్ల పెద్దమ్మ పోతే ఆవిడ మధిర వెళ్లింది. మధ్యాహ్నం బ్యాగు కారింది. ఇంట్లో ఎవరూ లేరు. గంటసేపు అలాగే కూర్చుని, చివరికి అద్దం ముందు నిలబడి నేనే తీశాను. అప్పుడు మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. ఎర్రగా, తడిగా, బుగ్గ లోపలి కండలా ఉంది. ముట్టుకుంటే నొప్పే లేదు, స్టోమాకు ఆ నొప్పి తెలిపే నరాలు ఉండవు. గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, కొత్తది అంటించాను. వంకరగా వచ్చింది, మర్నాడే మళ్లీ మార్చాల్సి వచ్చింది. అయినా ఆ సాయంత్రం నా అంతట నేను అన్నం పెట్టుకుని తిన్నాను. అందుకే చెబుతున్నా, ప్రేమ కొద్దీ ఆ పని ఆయన చేతుల్లోంచి లాక్కోకండి. నర్సమ్మ నేర్పేటప్పుడు మీరు పక్కన ఉండండి, కానీ కత్తెర ఆయన చేతికి ఇవ్వమనండి. ఒంట్లో ఓపిక లేని మొదటి రోజుల్లో సాయం చేయండి. తర్వాత వెనక్కి జరగండి.

ఆయన నేర్చుకోవాల్సింది నిజానికి కొంచెమే. స్టోమా మొదట వాచి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చిన్నదవుతుంది. అప్పటిదాకా ప్రతిసారీ కొలిచి, స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఫ్లాంజ్ కత్తిరించాలి. ఖాళీ ఎక్కువైతే మలం చర్మాన్ని తిని పుండు చేస్తుంది. కొబ్బరినూనె, క్రీములు రాస్తే అంటుకోదు. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువెక్కితే ఫ్లాంజ్‌ను లాగేస్తుంది. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం కనిపిస్తే కంగారు అక్కర్లేదు. స్టోమా ఊదాగానో నల్లగానో మారినా, గాలి కూడా రాకుండా పొట్ట ఉబ్బి వాంతులైనా ఆలస్యం చేయకండి.

మామూలుగా ఒక ఫ్లాంజ్ నాకు మూడు, నాలుగు రోజులు వస్తుంది. మా ఖమ్మం ఎండల్లో చెమటకు రెండు రోజులే. కోలోప్లాస్ట్, హోలిస్టర్, కాన్వాటెక్ మూడూ వాడి చూశాను. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు, కాబట్టి మొదట ఏదీ ఎక్కువగా కొనకండి. ఒకటి కుదిరాక మాత్రం నెల సరుకు ఇంట్లో ఉంచండి, 2020 లాక్‌డౌన్‌లో బ్యాగులు దొరక్క నేను పడ్డ కష్టం పగవాడికి కూడా వద్దు. ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని స్టోమా ఉన్నవాళ్ల సంఘం ఉంది, వాళ్లనూ సంప్రదించండి.

తిండి దగ్గర మీకు చుట్టాలతో గొడవ తప్పదు. పప్పు తింటే చీము పడుతుందని మా అత్తగారు ముద్ద పప్పు కూడా పెట్టనివ్వలేదు. డాక్టరుదేమో అసలు పుండు మానేదే మాంసకృత్తులతో అనే మాట. మొదటి వారాలు మెత్తటి అన్నం, పెరుగు, గుడ్డు, పలచటి పప్పు. తర్వాత ఒక్కో కూర కలుపుతూ పోవడమే. క్యాబేజీ, శనగలు నాకు గ్యాస్. గోంగూర ఏమీ చేయలేదు. నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుంది, మజ్జిగ, నీళ్లు బాగా తాగించండి. ఆపరేషన్ తర్వాత కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఇస్తే చల్లటివి దగ్గరికి రానివ్వకండి. మే నెల ఎండలో నేను కుండ నీళ్లు ముట్టుకుంటే వేళ్లు సూదులతో పొడిచినట్టు ఉండేది.

మీరు కూతురిగా అడగలేనిది ఒకటుంది. మూత్రానికి, భార్యాభర్తల సంబంధానికి సంబంధించిన నరాలు ఆ గడ్డకు పక్కనే ఉంటాయి, దెబ్బతినొచ్చు. మీ బాబాయో అన్నయ్యో ఆయనతో కలిసి వెళ్లి డాక్టరును విడిగా అడగమనండి. దీనికి వైద్యం ఉంది. నేను సిగ్గుపడి రెండేళ్లు నోరు విప్పలేదు.

బరువులు మూడు నెలలు ఎత్తొద్దు, నీళ్ల బిందె కూడా. స్టోమా పక్కన పేగు జారి హెర్నియా రావడం మామూలే. నేను అక్టోబరులో మళ్లీ డ్యూటీ ఎక్కాను. టికెట్ల సంచి ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మార్చుకున్నాను, అంతే తేడా. మొదటి రోజు భద్రాచలం సర్వీసు. బస్సు కుదిపినప్పుడల్లా చెయ్యి పొట్ట మీదికి వెళ్లేది. గర్భగుడిలోకి వెళ్లొచ్చో లేదోనని బయటే నిలబడితే, మా డ్రైవరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. తర్వాత డాక్టరు ఒప్పుకున్నాక స్టోమాలోంచి గోరువెచ్చటి నీళ్లు ఎక్కించి కడుక్కోవడం నేర్చుకున్నాను. రోజు విడిచి రోజు పొద్దున్నే గంట పని, మధ్యలో దాదాపు ఏమీ రాదు. అందరికీ కుదరదు, హెర్నియా ఉంటే అసలే వద్దంటారు, కానీ ఆరు నెలల తర్వాత అడిగి చూడండి.

ఆసుపత్రికి సర్దే సంచిలో ఆయన కళ్లజోడు తప్పకుండా పెట్టండి, ఒక చిన్న కత్తెర, చేతి అద్దం కూడా. నర్సమ్మ నేర్పిన రోజు నా కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది. కళ్లు మూసుకోవడానికి అదొక సాకు దొరికింది నాకు.